తెచ్చుకున్న కుక్క పళ్లు వింతగా అరిగి ఉన్నాయా? ఇంట్లో చూసే పద్ధతి, ఆ తర్వాత చేయాల్సిన పనులు

మా నూకి మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లు గేటు దగ్గర గొలుసుకు కట్టి ఉండేది. మిల్లువాళ్లు ఇక వద్దనుకుంటే మేం తెచ్చుకున్నాం. ఇంటికొచ్చిన సాయంత్రం అది ఆవులించగానే మా అమ్మ నోట్లోకి చూసి, "ముసలి కుక్కను తెచ్చినవేందిరా, పండ్లన్నీ అరిగినయ్" అంది. నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఎక్స్‌రే చూసిన డాక్టర్, దీనికి మూడేళ్లు కూడా ఉండవన్నారు.

అప్పటి నుంచి కుక్కను కొత్తగా తెచ్చుకున్నవాళ్లు ఫోన్‌లో పళ్ల ఫోటోలు పంపి "ఇది మామూలేనా" అని అడుగుతూనే ఉన్నారు. అందరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే వరుసగా ఒకచోట రాయడం మేలనిపించింది. పళ్లు ఎంత అరిగాయన్నది తర్వాతి మాట. ఎక్కడ అరిగాయో ముందు చూడాలి. ఆ చోటును బట్టే కుక్క ఇన్నాళ్లూ దేన్ని కొరికిందో తెలుస్తుంది.

1. టీకా ముందు, నోరు తర్వాత

తెచ్చిన రోజే పెదవులు ఎత్తి చూడాలని చేయి లాగుతుంది. ఆగండి. ఆ కుక్కకు రేబిస్ టీకా వేశారో లేదో మీకు తెలియదు. వేయించిన రోజే రక్షణ కూడా రాదు, దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు కుక్క ఆవులించినప్పుడు, ఆడుతున్నప్పుడు దూరం నుంచి జూమ్ చేసి ఫోటోలు తీసుకోండి. అవే చాలా సంగతులు చెబుతాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. కింది దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, నీళ్లు మింగలేక అవస్థ పడుతున్న కుక్కను చూసి "గొంతులో బొక్క ఇరికింది" అనుకుని నోట్లో చేయి పెట్టేవాళ్లు ఉన్నారు. రేబిస్ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అలాంటి కుక్కను ముట్టుకోకండి, పశువైద్యుడికి ఫోన్ చేయండి.

కుక్క పన్ను గీరుకున్నా, పుండు మీద చొంగ పడినా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా సంగతి చూసుకోవాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పూయొద్దు. వీధి కుక్కలను తరచూ ఇంటికి తెచ్చి చూసుకునేవాళ్లైతే, ముందుజాగ్రత్తగా వేసే టీకా గురించి డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి.

2. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

- చేతులకు పల్చటి గ్లవ్స్
- చిన్న టార్చ్ (ఫోన్ లైట్ కంటే విడి టార్చ్ నయం, ఫోన్ ఫోటోకు కావాలి)
- పిల్లలు స్కూల్లో వాడే 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు
- కాస్త దూది
- ఉప్పు, మసాలా, ఉల్లిపాయ వేయకుండా ఉడికించిన చికెన్, ఎముక తీసేసినది, వేలి కొనంత ముక్కలుగా
- నోట్‌బుక్కు, పెన్ను
- కుక్క నమ్మే మనిషి ఇంకొకరు

సూది, పిన్ను, పళ్లు గీకే ఇనుప పరికరం ఈ జాబితాలో లేవు. కావాలనే పెట్టలేదు.

3. పెదవి ఎత్తడం అలవాటు చేయడం

బలవంతంగా పట్టుకుని నోరు తెరిస్తే ఆ ఒక్కసారి చూస్తారు. రెండోసారి కుక్క దగ్గరికే రాదు. కనీసం ఒక వారం పెట్టుకోండి. భయపడే కుక్కకు నెల పట్టినా కంగారు లేదు.

మొదటి రెండు రోజులు చెంప తాకి ముక్క పెట్టండి, అంతే. తర్వాత బొటనవేలితో పై పెదవి ఒక్క క్షణం ఎత్తి వదిలి, ముక్క పెట్టండి. అలా లెక్క మూడు వరకు, ఐదు వరకు పెంచండి. నోరు పూర్తిగా తెరవాల్సిన పని లేదు. దవడలు మూసి ఉండగానే పెదవి ఎత్తితే పళ్ల బయటి వైపు అంతా కనిపిస్తుంది. పెదవి మూలను వెనక్కి జరిపితే దవడ పళ్లు కూడా కనిపిస్తాయి.

గుర్రుమన్నా, బిగుసుకుపోయి కళ్లు తెల్లగా తిప్పినా ఆ రోజుకు ఆపేయండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కొడితే ఈసారి గుర్రు మానేసి నేరుగా కరుస్తుంది.

4. లెక్క, ఫోటోలు

పెద్ద కుక్కకు 42 పళ్లు. పైన 20, కింద 22. పాలపళ్లు 28 ఉంటాయి. ఆరేడు నెలలకు శాశ్వత పళ్లన్నీ వచ్చేస్తాయి. ఇంట్లో 42 పక్కాగా లెక్క తేలడం కష్టం, వెనక చివర చిన్నవి దాక్కుంటాయి. అందుకే ఇలా చూడండి:

- పైన ఆరు, కింద ఆరు ముందు పళ్లు ఉన్నాయా?
- నాలుగు కోరలూ ఒకే పొడవున్నాయా?
- ఒక వైపు ఉన్న పన్ను రెండో వైపు లేదా? లేకపోతే ఆ చోట చిగురు నున్నగా ఉందా, ఉబ్బి ఉందా?

ఊడిపోయిందనుకున్న పన్ను వేరు చాలాసార్లు చిగురు కిందే ఉండిపోతుంది. రాసి పెట్టుకోండి, డాక్టర్‌కు పనికొస్తుంది.

ఫోటోలు మూడు: ఎదురుగా, ఎడమ, కుడి. ప్రతిదానిలో స్కేలు పంటి పక్కన కనిపించాలి. తీసిన తేదీ రాయండి. పగటి వెలుతురులో వాకిట్లో తీస్తే రంగు సరిగ్గా వస్తుంది, ట్యూబ్‌లైటు కింద రంగు మారి కనిపిస్తుంది.

5. ఎక్కడ అరిగింది? ఇదే అసలు పని

తొందరపడకండి. ఒక్కో చోటికి ఒక్కో కథ ఉంటుంది.

*కోరల వెనక వైపు అరిగి, కొడవలిలా వంపు తిరిగితే.* ముందు నుంచి చూస్తే కోర బాగానే కనిపిస్తుంది. పక్క నుంచి చూస్తే వెనక భాగం ఆకురాయితో రుద్దినట్టు పోయి ఉంటుంది. ఇనుప గొలుసు, గ్రిల్లు, బోను కడ్డీలు, జాలీ కొరికిన కుక్కల్లో ఇది కనిపిస్తుంది. మా నూకిది ఇదే. ఈ కోర సన్నబడి ఉంటుంది కాబట్టి ఏదో ఒక రోజు గట్టిదాన్ని పట్టుకుని లాగినప్పుడు పుటుక్కున విరుగుతుంది. నొప్పి కనిపించకపోయినా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

*ముందు చిన్న పళ్లు చిగురు దాకా చదునైపోతే.* చాలామంది బొక్కలు తిని అరిగాయంటారు. కానీ కుక్క బొక్కను ముందు పళ్లతో నమలదు, పక్కకు తిప్పి దవడ పళ్లతో నములుతుంది. ముందు పళ్లతో అది చేసే పని ఒళ్లు కొరుక్కోవడం. కాబట్టి నోరు మూసి చర్మం చూడండి. తోక మొదట్లో వెంట్రుకలు పలచబడితే దూకే ఫ్లీ పురుగుల దురద అనుకోవచ్చు. చెవి అంచులు, మోచేతులు పొక్కు కట్టి ఉంటే గజ్జి కావచ్చు. చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వెతకండి. పళ్ల సందుల్లో తెగిన వెంట్రుకలు ఇరుక్కుని ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే.

*కోరల మొనలు మొద్దుబారి, వెనక వరుస పళ్లు కూడా చదునైతే.* రాళ్లు నోట కరుచుకు తిరిగే అలవాటు, లేదా బంతి. టెన్నిస్ బంతి మెత్తగానే ఉంటుంది కదా అంటారు. దాని పీచుకు మట్టి, ఇసుక అంటుకుంటే అది గరుకు కాగితమే. పొలం దగ్గర, క్రషర్ల దగ్గర పెరిగిన కుక్కలు కంకర ముక్కలతోనే ఆడుకుంటాయి.

*పై దవడలో అన్నిటికంటే పెద్ద పన్ను పెచ్చులూడితే.* ఇది అరగడం కాదు, పగలడం. గట్టి బొక్క, గిట్ట, కొమ్ము కొరికినప్పుడు ఆ పన్ను బయటి పెచ్చు పలకలా లేచిపోతుంది. కంటి కింద వాపు వచ్చిందంటే చీము ఈ పంటి వేరు దగ్గర పట్టి ఉండవచ్చు. కంట్లో చుక్కల మందు వేస్తూ వారాలు పోగొట్టుకునేది ఇక్కడే.

*ఒక వైపు మాత్రమే అరిగి, రెండో వైపు గార పేరుకుంటే.* అరిగిన వైపు కంటే గార ఉన్న వైపును అనుమానించండి. అక్కడ నొప్పి ఉండబట్టే కుక్క ఆ వైపు నమలడం మానేసి ఉండవచ్చు.

*ఒకే పన్ను, దాని ఎదుటి పన్ను తగిలే చోట అరిగితే.* దవడల పొందిక సరిగా లేదు. ఇది అలవాటు మాన్పిస్తే పోయేది కాదు, డాక్టర్ చూడాలి.

6. నడిమి చుక్క: ఎంత తొందర ఉంది?

కుక్క పంటి పైపొర చాలా పలచన, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది అరిగాక దాని కిందున్న పొర, అంటే డెంటిన్, బయటపడుతుంది. అరుగుదల నెమ్మదిగా సాగితే పన్ను లోపలి నుంచి కొత్త డెంటిన్ వేసుకుంటూ నరాన్ని కాపాడుకుంటుంది. ఆ కొత్త పొరే అరిగిన పంటి మధ్యలో గోధుమ రంగు చుక్కలా కనిపిస్తుంది. దాన్ని చూసి పుచ్చుపన్ను అనుకుని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

దూదితో పంటి మీది చొంగ తుడిచి, టార్చ్ వేసి చూడండి.

- గోధుమ రంగు, నున్నగా, మెరుస్తూ, చుట్టూ ఉన్న పంటితో సమంగా ఉంది: సాధారణంగా పన్ను తనను తాను సరిచేసుకున్న గుర్తు. తర్వాతిసారి డాక్టర్‌కు చూపిస్తే సరిపోతుంది.
- నల్లగా, గుంటలా ఉంది: నరం దాకా దారి పడి ఉండవచ్చు. వారం లోపు చూపించండి.
- ఎర్రగా, గులాబీ రంగులో ఉంది, లేదా రక్తం చెమ్మగిల్లుతోంది: నరం తెరుచుకుంది. అదే రోజు వెళ్లండి. ఏడాదిన్నర లోపు కుక్కకు పన్ను అప్పుడే విరిగితే, 48 గంటల్లోపు చూడగలిగితే పంటిని బతికించే అవకాశం ఎక్కువ.
- పన్ను విరగలేదు, కానీ మొత్తంగా ఊదా లేదా బూడిద రంగుకు తిరిగింది: దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి ఉండవచ్చు. ఇలాంటి పళ్లలో ఎక్కువ భాగం చచ్చినవే అవుతాయి.

గుంట లోతు ఎంతో పిన్నుతో పొడిచి చూడకండి. నరం తెరుచుకుని ఉంటే ఆ నొప్పి మామూలుది కాదు, మీ వేలు దాని నోట్లోనే ఉంటుంది.

"మంచిగనే తింటుంది కదా, నొప్పి ఎందుకుంటది?" అని అడుగుతారు. నరం బయటపడిన పన్నుతో కూడా కుక్క తింటుంది. ఆకలి ఆగదు. తినడం మానేదాకా ఎదురుచూస్తే ఆలస్యమైనట్టే.

7. ఇది అరుగుదలేనా, ఫ్లోరైడా?

మన నల్గొండవాళ్ల మొదటి అనుమానం నీళ్ల మీదే ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే ఫోటోల కింద "ఫ్లోరైడ్ అన్నా?" అనే ప్రశ్న ఉండనే ఉంటుంది. ఆ అనుమానం తప్పు కాదు. కానీ తేల్చుకునే దారి ఉంది.

ఫ్లోరైడ్ పంటిని పాడుచేసేది పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు. కుక్కలో ఆ పని పుట్టిన మొదటి కొన్ని నెలల్లోనే అయిపోతుంది. అంటే హైదరాబాద్‌లో పెరిగి రెండేళ్ల వయసులో మర్రిగూడ వచ్చిన కుక్కకు పళ్ల మీద మచ్చలు ఇక్కడి బోరు నీళ్ల వల్ల రావు. అదే ఊళ్లో పుట్టిన కుక్కకైతే రావచ్చు.

ఫ్లోరైడ్ మచ్చలు సున్నం పూసినట్టు తెల్లగా, లేదా పసుపు, గోధుమ రంగులో, ఎడమ కుడి పళ్ల మీద జంటగా ఉంటాయి. అలాంటి పైపొర బలహీనం కాబట్టి మామూలు కంటే త్వరగా అరుగుతుంది కూడా. కాబట్టి రెండూ కలిసి ఉండవచ్చు: పన్ను మచ్చది, ఆపైన గొలుసు కొరుకుడు.

ఇంకో రెండు పోలికలు ఉన్నాయి. పిల్లగా ఉన్నప్పుడు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికిన కుక్కకు పళ్ల మీద గుంటలు, గాడులు పడతాయి. చాలా పళ్ల మీద ఒకే ఎత్తులో, పట్టీ కట్టినట్టు పైపొర లేచిపోయి ఉంటుంది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ మందులు తల్లి కడుపుతో ఉన్నప్పుడో, పిల్లగా ఉన్నప్పుడో పడితే పళ్లు పసుపు పచ్చగా మారతాయి, కానీ నున్నగానే ఉంటాయి. ఈ మూడింట్లో దేనిలోనూ కోర వెనక కొడవలి వంపు రాదు.

నీళ్ల విషయంలో చేయాల్సింది ఒక్కటే: మీరు తాగే నీళ్లే కుక్కకూ పెట్టండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంట్లోకి, బోరు నీళ్లు కుక్క గిన్నెలోకి అన్న పద్ధతి వద్దు. కడుపుతో ఉన్న కుక్కకు, పాలిచ్చే కుక్కకు, పిల్లలకు మరీ వద్దు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే దొరకని చోట గరిష్ఠంగా 1.5 వరకు. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి, మిగిలిన దాంట్లో అది ఇంకాస్త చిక్కబడుతుంది.

8. కారణం ఆపకుండా పన్ను బాగుచేయకండి

పళ్లు పీకించినా, తొడుగు వేయించినా, కొరికే వస్తువు అక్కడే ఉంటే ఆరు నెలల్లో ఇంకో పన్ను అరుగుతుంది.

*గొలుసు, గ్రిల్లు.* ముందు ఇనుప గొలుసు తీసేయండి. ఛాతీకి వేసే హార్నెస్, నైలాన్ పట్టా వాడండి. వాకిట్లో రెండు స్తంభాల మధ్య తీగ కట్టి, దానిమీద జారే తాడు ఏర్పాటు చేస్తే కుక్క నీడకూ ఎండకూ తానే తిరుగుతుంది. గేటు గ్రిల్లు కొరికేది ఎక్కువగా బయట పోయేవాళ్లను చూసి రేగినప్పుడే. కింది మూడడుగులు ప్లైవుడ్ లేదా రేకు కొట్టి మూసేయండి, అంచులు కోసుకోకుండా మడిచి. కనిపించకపోతే సగం గొడవ తగ్గుతుంది. మిగతా సగం పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున నడిపిస్తే తగ్గుతుంది. నూకికి ఈ నడకే పనిచేసింది, మిగతావన్నీ నేను డబ్బు పెట్టి నేర్చుకున్నవి.

*దురద.* గోమార్లు పీకడంతో పని అయిపోదు. మందు డాక్టర్ బరువు చూసి ఇవ్వాలి, పడుకునే గోనె సంచి, గోడ పగుళ్లు కూడా శుభ్రం చేయాలి. పశువులకు వాడే గోమార్ల మందును అంచనాగా కలిపి కుక్కకు పూయకండి, విషమవుతుంది.

*రాళ్లు, బంతులు.* రాయి లాక్కుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, మింగినా మింగుతుంది. ముక్క చూపించి వదిలించండి. రబ్బరు బంతి, తాడు బొమ్మ ఇవ్వండి.

*బొక్కలు.* మటన్ షాపు బొక్క ఇవ్వకపోతే కుక్కను పెంచినట్టే కాదనుకునే ఇళ్లు మనవి. అయినా చెబుతున్నా, అరిగిన పళ్లున్న కుక్కకు వద్దు. వండిన బొక్క పుల్లల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, పచ్చిది పన్ను పగలగొడుతుంది. నమలడానికి ఏదైనా ఇచ్చే ముందు బొటనవేలి గోరుతో నొక్కండి. గోరు దిగకపోతే అది పంటికంటే గట్టిదనుకోండి. నమిలే సరదా తీరాలంటే బోలు రబ్బరు బొమ్మలో పెరుగన్నం కుక్కి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఇవ్వండి. మే నెల ఎండల్లో కుక్కకు ఇంతకంటే పండుగ లేదు.

9. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

మొదట దగ్గరి పశువైద్యశాలలో చూపించండి. పంటి వేరు దాకా చూడాలంటే నోటిలో పెట్టి తీసే ఎక్స్‌రే కావాలి, అది అన్నిచోట్లా ఉండదు. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లే. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో గానీ, పంటి ఎక్స్‌రే ఉన్న క్లినిక్‌లో గానీ ముందు ఫోన్ చేసి సౌకర్యం ఉందో లేదో అడిగి బయల్దేరండి.

తీసుకెళ్లాల్సినవి, అడగాల్సినవి:

- తేదీలున్న ఫోటోలు, టీకా కార్డు, కుక్క ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరం
- "నరం తెరుచుకుందా? ఎక్స్‌రేలో వేరు ఎలా ఉంది?"
- "పీకాలా, రూట్ కెనాల్ చేయొచ్చా, కొన్నాళ్లు చూద్దామా?"
- "మత్తుకు ముందు రక్తపరీక్ష చేస్తారా? ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?"

చివరి ప్రశ్న మర్చిపోకండి. మన దగ్గర వీధి కుక్కల్లో గోమార్ల జ్వరం మామూలు. దానితో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఆ స్థితిలో పన్ను పీకితే రక్తం ఆగదు. నూకికి కింది ఎడమ కోర దగ్గర నల్ల గుంట ఉంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తక్కువ వచ్చాయి. నాలుగు వారాలు మందు వాడి, మళ్లీ పరీక్ష చేయించి, అప్పుడు పీకారు. ఆ ఆలస్యం నాకు విసుగ్గా అనిపించింది, కానీ డాక్టర్‌దే సరైన మాట.

మత్తు లేకుండా పళ్లు గీకి తెల్లగా చేస్తామన్నవాళ్లకు దండం పెట్టి వచ్చేయండి. పైన మెరుస్తుంది, చిగురు కింద జబ్బు అలాగే ఉంటుంది.

10. తర్వాతి తిండి, రోజువారీ పని

పన్ను తీయించాక రెండు వారాలు మెత్తటి తిండే పెట్టాలి, బొమ్మలు ఇవ్వకూడదు. జొన్నరొట్టె చల్లలో నానబెట్టి, ఉడికించిన గుడ్డు చిదిపి పెడితే నూకి గిన్నె నాకేది. పొడి మేత అయితే గోరువెచ్చని నీళ్లలో పావుగంట నాననివ్వండి. అన్నం నేల మీద వేయకండి, దానితోపాటు ఇసుక కూడా నములుతుంది. స్టీలు పళ్లెం వాడండి. కింది కోర తీసిన కుక్కకు నాలుక ఆ పక్కకు కాస్త జారి వేలాడవచ్చు, భయపడాల్సింది కాదు.

పుండు మానాక మెత్తటి బ్రష్, కుక్కల టూత్‌పేస్ట్ మొదలుపెట్టండి. మన పేస్ట్ వద్దు. కుక్కకు ఉమ్మడం రాదు, మింగుతుంది. కొన్నింట్లో తీపి కోసం వేసే జైలిటాల్ దానికి విషం.

11. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

- పళ్లు చూసి వయసు కట్టేయడం. అరుగుదల అలవాటును చెబుతుంది, వయసును నమ్మకంగా చెప్పదు. ఎక్స్‌రేలో పంటి లోపలి గొట్టం వెడల్పు చూస్తే డాక్టర్ మెరుగ్గా అంచనా వేయగలరు.
- ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఏదీ సొంతంగా ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే ఏది, ఎన్ని, ఎన్ని గంటలకు అన్నది రాసుకుని వెంటనే డాక్టర్‌కు చెప్పండి.
- లవంగ నూనె రాయడం. ఇది కూడా కుక్కకు మంచిది కాదు, మానేయండి.
- ఒకసారి చూసి ఊరుకోవడం. నెలకోసారి అదే మూడు ఫోటోలు, అదే స్కేలుతో, అదే వాకిట్లో తీయండి. మూడు నెలల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూడండి. వంపు అక్కడే ఆగితే మీరు మార్చింది పనిచేస్తోంది. ఇంకా లోపలికి జరిగితే కుక్క మీరు చూడనప్పుడు ఇంకా దేన్నో కొరుకుతోంది. మా ఇంట్లో అది వెనక వరండాలోని కూలర్ స్టాండు. దాని కాళ్ల మీద మెరిసే గీతలు చూసేదాకా నాకు తట్టలేదు.